టికెట్ లేని మొక్క

ఆ ఇంటి మామగారు దేన్నీ నమ్మరు. ఉద్యోగమంతా రైళ్లలో టికెట్లు తనిఖీ చేశారు. రిటైరైన రోజున నల్లకోటు విప్పి మేకుకు తగిలించారుగాని, ఆ చూపు మాత్రం విప్పలేదు. పాలగ్లాసు ఇస్తే వెలుతురుకెత్తి చూస్తారు. గోడగడియారాన్ని చేతిగడియారంతో, చేతిగడియారాన్ని పక్కింటి గడియారంతో సరిచూసి, "వాళ్లదే తప్పయ్యుంటుంది" అంటారు.

"పెళ్లయిన కొత్తలో పొద్దున్నే లేచి నా మొహం చూసి, 'నువ్వేనా?' అనేవారమ్మా," అని అత్తగారు కొత్తకోడలిని ముందే హెచ్చరించింది.

కోడలు పుట్టింటి నుంచి తడిగుడ్డలో చుట్టి ఒక దుంప తెచ్చుకుంది. కొండకలువ. అడవిలో పెద్దచెట్ల నీడన పూసే మొక్క. వాళ్లమ్మ పెరట్లో పెంచింది. అమ్మ పోయింది, పెరడు అమ్ముడుపోయింది, ఈ దుంప మిగిలింది. జామచెట్టు కింద, ఎండ పడనిచోట, చివికిన ఆకులు కలిపి పాతింది. వానలకు ఆకులొచ్చాయి.

మామగారు కళ్లజోడు సవరించుకుని వంగారు.

"ఇది పసుపు మొక్క కదూ?"

"కాదు మామయ్యగారూ, అలా కనిపిస్తుందంతే. ఆకు తిరగేసి చూడండి, వెనక ఊదారంగు."

తిరగేశారు. "రంగు పూసుండొచ్చు." వేలు తడిచేసి రుద్దారు. పోలేదు. "పువ్వు చూపించనీ. అప్పటిదాకా టికెట్ లేని ప్రయాణికుడి కిందే లెక్క."

అప్పట్నుంచి పొద్దున్నే ఆకులు తిరగేయడం, గొణుక్కోవడం. చలి మొదలయ్యేసరికి ఆ ఆకులు పండి, వాలి, ఆనవాలు లేకుండా పోయాయి. మామగారు పాలవాడిని, పక్కింటి మేకను, ఆఖరికి సొంత కొడుకునూ నిలదీశారు.

"ఎవరూ పీకలేదు మామయ్యగారూ. వానలు పోతే దుంప నేలలో నిద్రపోతుంది. నీళ్లు కూడా పోయకూడదు, కుళ్లిపోతుంది."

"నిద్రా? ఓహో! నేను రైలుపెట్టె ఎక్కగానే గురకపెట్టినవాళ్లను ఎంతమందిని చూశానో!"

ఎండలు ముదిరాయి. అమ్మ పెరట్లో అయితే ఈపాటికే మట్టి పగిలేది, ఇక్కడ నేల కదల్లేదు. బండి పెట్టుకోవడానికి జామచెట్టు కింద సిమెంటు చేయిద్దామన్నాడు కొడుకు. కోడలు ఆ మట్టినే చూస్తూ, "చేయించండి. అమ్మతోనే పోయినట్టుంది," అంది.

మేస్త్రీ వచ్చాడు. మామగారు ఇసుక చిటికెడు నాలుక మీద వేసుకుని, "ఉప్పు!" అని పంపేశారు. మళ్లీ వచ్చాడు. సిమెంటు బస్తా మీద తేదీ దొంగదన్నారు. ఇంకోసారి వచ్చాడు. నేల ఎగుడుదిగుళ్లు చూసే రసమట్టంలోకి ఒంటికన్నుతో చూసి, "ఈ బుడగ అబద్ధమాడుతోంది," అన్నారు.

"నాన్నా, ఈ మేస్త్రీ ఇంక మన గుమ్మం తొక్కడు!"

"తొక్కకపోతే వాడిమీదా అనుమానమే."

వెళ్తూ వెళ్తూ మేస్త్రీ కోడలి చేతి మంచినీళ్లు తాగి తల గోక్కున్నాడు. "మొన్న ముందుగోడకు ఇదే ఇసుక, ఇదే రసమట్టం. అయ్యగారే దగ్గరుండి భేష్ అన్నారు. ఇప్పుడేం పురుగు తొలిచిందో తల్లీ!"

కోడలు వెనక్కి తిరిగి చూసింది. మామగారి కుర్చీ వరండాలో లేదు. జామచెట్టు కింద, ఆ మట్టిని ఎవరూ తొక్కకుండా అడ్డంగా ఉంది. అత్తగారు బొక్కెనతో అటు రాబోతే మామగారు చెయ్యెత్తి ఆపుతున్నారు.

"నిద్రపోయేవాడి మొహాన నీళ్లు కొడతావటే!"

దొంగనిద్రలు పట్టుకునే మనిషి దొంగ అనుమానాలు పడుతున్నారన్నమాట! కోడలు దగ్గరికెళ్లి మెల్లిగా అడిగింది.

"అది బతికుందని నమ్ముతున్నారా మామయ్యగారూ?"

"నమ్మడమా? నేనా?" తనను తిట్టిందన్నట్టు చూశారు. "చచ్చిందని నమ్మడంలేదు, అంతే. రుజువేదీ?"

తొలకరి జల్లు పడ్డ మర్నాడు పొద్దున, ఒక్క ఆకైనా లేని ఉత్త మట్టిలోంచి తెల్లగా, మధ్యలో ఊదాగా ఒక పువ్వు లేచి ఉంది. "మామయ్యగారూ!" అని కేకేసింది కోడలు.

మామగారు పరుగున వచ్చారు. "ఆకులేకుండా పువ్వా? ఎవరో తెచ్చి గుచ్చారు!" "దీనికి పువ్వే ముందు, ఆకు తర్వాత," అంది కోడలు. కాడ మొదట్లో వేలుపెట్టి చూశారు. కదల్లేదు. వాసన చూశారు.

"టికెట్ ఉంది. కూర్చోమను." కొడుకు వైపు తిరిగారు. "ఒరేయ్, నీ బండి బయటే పెట్టుకో. ఇక్కడ సీటు రిజర్వైపోయింది."

ఆ పూట కోడలిచ్చిన పాలగ్లాసును వెలుతురుకెత్తకుండానే గటగటా తాగేశారు.

అత్తగారు ఖాళీ గ్లాసునూ, మొగుడి మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"మీరేనా?" అంది.