యల్లమంద అరచేతిలో అక్షరాలు

మాచర్ల శివార్లలో నాపరాళ్లు కొట్టేవాళ్ల వీధి మాది. ఎదురిల్లు యల్లమంద బాబాయిది. ఆయన ఉలి పెడితే రాయి ఆకులా విడివడేదని పెద్దవాళ్లు చెప్పుకొనేవారు. రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజుల్లో, ఒక వేసవి ఉదయం, గనిలో పైపొర లేపడానికి పెట్టిన మందు పేలలేదేమిటని వంగి చూశాడట. సరిగ్గా అప్పుడే పేలింది. ప్రాణం దక్కింది గానీ రెండు కళ్లూ పోయాయి.

ఆయన భార్య మల్లమ్మ పిన్ని గనిలో రాళ్లు మోసే పనికి కుదిరింది. బాబాయి అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పలకరిస్తే ఊఁ అనేవాడు, అంతే. వాళ్లకు ఇద్దరు పిల్లలు. గురవమ్మ నాకంటే కాస్త పెద్దది, కొండలు దాని తమ్ముడు. ఇద్దరూ బడికి పోతున్నారన్న మాటేగానీ, ఇంటికి రాగానే సంచి గూట్లో పడేస్తే మళ్లీ మర్నాడు పొద్దున్నే దాన్ని ముట్టుకునేది. కొండలు తప్పిన తరగతిలోనే మళ్లీ కూర్చున్నాడు.

ఒకనాటి సాయంత్రం బాబాయి వాణ్ణి పిలిచాడు. నేను అక్కడే గురవమ్మతో గచ్చకాయలు ఆడుతున్నాను.

"ఒరేయ్ కొండలూ, ఇయ్యాల బళ్లో ఏం జెప్పార్రా?"

"ఏం లేదయ్యా."

"పొద్దంతా కూసోబెట్టి ఏం జెప్పకుండా ఉంటారంట్రా? ఏదో ఒకటి ఉంటది. అది నాకు జెప్పు."

"నీకెట్టా జెప్పేది? నీకు అచ్చరాలే రావుగా!"

లోపల్నించి మల్లమ్మ పిన్ని చీపురు పట్టుకుని వచ్చింది. బాబాయి ఆమెను ఆగమన్నాడు. కుడిచెయ్యి చాపి, అరచెయ్యి తెరిచాడు.

"రావు. అందుకేగా నేర్పమంటన్నా. ఇదిగో, ఇందులో రాయి."

కొండలు వేలితో అ రాశాడు. ఏళ్ల తరబడి సుత్తి పట్టిన చెయ్యి అది. చర్మం చెప్పుతోలులా ఉండేది. ఆయనకేమీ తెలియలేదు. మళ్లీ రాశాడు, తెలియలేదు. గురవమ్మ లేచి వెళ్లి చీపురుపుల్ల విరిచి తెచ్చింది. పుల్లతో నొక్కి రాస్తే బాబాయి నొసలు ముడిపడ్డాయి. "పైనించి ఒంపు తిరిగి... ఆగు, ఆగు, మళ్లీ రాయి" అన్నాడు.

ఆ రోజు మొదలు అది ఆ ఇంటి పద్ధతి అయింది. పిల్లలు బడి నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, ఉన్నదేదో తిని, కాసేపు వీధిలో ఆడుకునేవారు. ఎండ చల్లబడగానే అరుగు మీద కూర్చునేవారు. కిరసనాయిలు దొరకని కాలం కనుక వెలుతురుండగానే చదువు అయిపోవాలి. పండగొచ్చినా, చుట్టాలొచ్చినా బాబాయి ఆ వేళ తప్పనిచ్చేవాడు కాదు. అలాగని ఎన్నడూ కసరలేదు. పిల్లలు గడగడా ఒప్పజెప్పేసి లేవబోతే, "నాకింకా ఎక్కలా. ఇంకోసారి జెప్పండి" అనేవాడు. ఆయనకు ఎక్కేలా చెప్పాలంటే ముందు వాళ్లకు తెలియాలి. తెలియకపోతే మర్నాడు బళ్లో అడిగి రావాలి.

బళ్లో ఐజాక్ మాస్టారుకి ఇదంతా వింతగా తోచింది. ఏనాడూ నోరు తెరవని కొండలు లేచి నిలబడి, "మా అయ్యకు అర్థం కాలేదంటండీ, ఇంకోసారి జెప్పండి" అంటున్నాడు. ఆ అయ్య ఎవరో చూద్దామని మాస్టారు ఒక సాయంత్రం మా వీధికి వచ్చాడు.

గురవమ్మ తండ్రి చేతిలో పుల్లతో రాస్తోంది. ఒక్కో అక్షరానికీ ఆయన తల ఊపుతున్నాడు. "ప... ల... క" అని కూడబలుక్కుని, "పలక!" అని గట్టిగా అన్నాడు. మాస్టారు చెప్పులు విడిచి అరుగెక్కాడు. చెయ్యి చాపి, "యల్లమందా, నా చేతిలో కూడా ఒక అక్షరం రాసి చూపించవయ్యా" అన్నాడు. బాబాయి సిగ్గుపడుతూ మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు.

అంతకంటే పెద్ద వింత ఆ తర్వాత జరిగింది. ఒక ఉదయం ఎదురింట్లోంచి ఉలి చప్పుడు వినిపించింది. కళ్లు పోయాక ఆ ఇంట్లో ఆ చప్పుడు లేదు. వీధంతా పరుగెత్తింది. బాబాయి రెండు కాళ్ల మధ్య నాపబండ పెట్టుకుని కూర్చున్నాడు. ఎడమచేతి వేలితో తడుముకుంటూ ఒంపు వెంట ఒంపు చెక్కుతున్నాడు. చెయ్యి నేర్చుకున్నదాన్ని చెయ్యే రాతిలోకి దింపుతోంది. గనికి బయల్దేరిన ఆడవాళ్లు గంపలు చంకన పెట్టుకుని అలాగే నిలబడిపోయారు.

కొన్నాళ్లకు బండ మీద వరసగా ఓనమాలు వెలిశాయి. ఒకచోట ఖ ఎదురు తిరిగింది. "అయ్యా, అది తిరగేసి కొట్టావు" అన్నాడు కొండలు. బాబాయి పకపకా నవ్వాడు. కళ్లు పోయాక ఆయన నవ్వడం అదే మొదలని మల్లమ్మ పిన్ని ఇంట్లోకి పోయి ఏడ్చింది. పక్కనే సరైన ఖ సుద్దతో రాసి, దాని మీదుగా తండ్రి వేలు నడిపించాడు కొండలు.

మా అమ్మ ఏనాడూ పలక పట్టి ఎరగదు. ఆమె వంగి, రాతి అక్షరం గాడిలో వేలు పెట్టి మెల్లగా తిప్పింది. "అ అంటే ఇదా!" అంది. మా అమ్మ ముఖంలో అటువంటి వెలుగు నేను మునుపు చూడలేదు. మర్నాటి నుంచి నన్నూ ఆ అరుగు మీదికే పంపింది.

వీధిలో మిగతావాళ్లూ పంపారు. పిల్లల్ని ఎలా దారికి తెచ్చావని అడిగితే బాబాయి ఒకటే చెప్పేవాడు. "సదువు సదువు అని అరవబాకండి. పక్కన కూసోండి. ఆళ్లు జెప్పేది ఇనండి. మనకు రాదని ఒప్పుకుంటే ఆళ్లకు చానా ఉషారొస్తది."

స్వరాజ్యం వచ్చాక గురవమ్మ ఎనిమిదో తరగతి పరీక్ష పాసయింది. మా వీధిలో అంతవరకు చదివిన ఆడపిల్ల లేదు. ఐజాక్ మాస్టారు తిరిగి తిరిగి గుంటూరులో టీచరు ట్రైనింగులో సీటు ఇప్పించాడు. అది బయల్దేరిన రోజు గనిలో సగం మంది పనికి పోలేదు. రేకుపెట్టె కొండలు మోస్తానన్నాడు, మాస్టారు అందుకోబోయాడు. మల్లమ్మ పిన్ని ఎవరికీ ఇవ్వలేదు.

"ఇది నేనే మోస్తా. పక్కకు జరగండి" అంటూ నెత్తిన పెట్టుకుని స్టేషను దాకా అందరికంటే ముందు నడిచింది. వెనకాల కొండలు భుజం మీద చెయ్యేసి బాబాయి, ఆయన వెనక వీధి వీధంతా.