చిట్టి కుర్చీకి లోడ్ టెస్టు

కరోనా తగ్గి బడులు మళ్లీ తెరుచుకున్న మరుసటి ఏడాది, ఫిబ్రవరి నెలలో, నన్ను వరంగల్‌లో ప్రభుత్వ పాఠశాలల పనులు చూసే డిప్యూటీ ఇంజినీరుగా వేశారు. వాడుకలో డీఈ అంటారు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. అంతకుముందు ఉద్యోగమంతా చెరువు కట్టలు, తూములు, కాలువ గట్ల మీద గడిచింది. ఈ జిల్లాలో సగం చెరువులు నా చేతి మీదుగానే బాగుపడ్డాయని ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను. సగం కాదు, ఓ పదకొండు ఉంటాయి. అందులో ఒకదానికి మళ్లీ గండి పడింది.

కొత్త సీట్లో నా ముందుకు వచ్చిన మొదటి ఫైలు, మడికొండ దాటాక ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలది. అక్కడ కొత్తగా నర్సరీ తరగతి పెట్టారు. దానికి బల్లలు, కుర్చీలు ఎంతలో కొనాలో నేను తేల్చాలి. తూము తలుపు బరువు నిద్రలో అడిగినా చెప్పగలను గానీ, మూడేళ్ల పిల్ల కాళ్లు నేలకు ఆనాలంటే కుర్చీ ఎంత ఎత్తుండాలో నాకు తెలియదు. పక్కింటి పాపను నిలబెట్టి టేపుతో కొలిచాను. పాప ఏడ్చింది. వాళ్లమ్మ నన్ను ఒక చూపు చూసింది.

మా శాఖలో పని నడిచే తీరు కాస్త చెప్పాలి. అసిస్టెంట్ ఇంజినీరు కొలతలు తీస్తాడు, డీఈ ఎస్టిమేటు సరిచూసి పైకి పంపుతాడు, ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, అంటే ఈఈ, మంజూరు చేస్తాడు. ఈఈ అన్నవాడు ఏ ఎస్టిమేటునూ ఉన్నదున్నట్టు ఒప్పుకోడు. ఎర్ర సిరా పెన్నుతో పావు వంతు కోస్తాడు. అది ఆ సీటు మర్యాద. ఆ కోత ఎట్లాగూ ఉంటుందని మేం ముందే మూడో వంతు కలుపుతాం. లెక్క వేసి చూడండి, మూడో వంతు కలిపి పావు కోస్తే అసలు ధర దగ్గరికే వస్తుంది. దీన్ని ఎవరూ అబద్ధం అనుకోరు. ఇద్దరికీ తెలిసిన సంగతే, ఇద్దరూ పైకి అనరు.

ఆ పిల్లలకు నిజంగా సరిపోయేవి మామూలు ప్లాస్టిక్ కుర్చీలు, పొట్టి బల్లలు. కానీ ఉత్తి ధర పెంచితే దొరికిపోతాం, సరుకునే పెంచి రాయాలి. కాబట్టి టేకు అని రాశాను, పైన సన్‌మైకా అన్నాను, మూలలు గుండ్రంగా చెక్కాలన్నాను. ఈఈ టేకును కొట్టేస్తాడు, నేను ప్లాస్టిక్‌కు దిగుతాను, ఇద్దరి మర్యాదా నిలబడుతుంది అనుకున్నాను.

ఆ ఈఈ కొత్తవాడు. వేరే జిల్లా నుంచి వచ్చాడు, నా కొడుకు వయసుంటుంది. పైగా మార్చి దగ్గర పడుతోంది. ఆ నెలాఖరులోగా ఖర్చు కాని నిధులు వెనక్కి పోతాయి. అతను ఒక్క అక్షరం కొట్టేయకుండా సంతకం పెట్టేశాడు. ఫోన్ చేసి, చిన్న పిల్లల విషయంలో నాణ్యత గురించి ఆలోచించినందుకు నన్ను మెచ్చుకున్నాడు కూడా. తగ్గించమని నేనెట్లా అడుగుతాను? అడిగితే కలిపానని ఒప్పుకున్నట్టే.

ఆ నెలంతా నేను ఒకచోట కుదురుగా కూర్చోలేదు. టేకు దొరికితే వడ్రంగి దొరకడు, వడ్రంగి దొరికితే సన్‌మైకా రంగు కుదరదు. లేచి కిటికీ దాకా వెళ్లడం, మళ్లీ ఫోన్ చేయడం. మా అటెండరు యాకయ్య చూసి చూసి, "సార్, కుర్చీలు చేయిస్తాండ్రా, పెండ్లి చేస్తాండ్రా?" అన్నాడు. ఎట్లాగో మార్చి దాటకముందే సరుకు బడికి చేరింది. ఆ కుర్చీల మీద ఏనుగు కూర్చున్నా చెక్కుచెదరవని హెడ్మాస్టర్ సరోజన టీచర్‌తో గొప్పగా చెప్పి సంతకం తీసుకున్నాను.

జులైలో పైకప్పు కారుతోందంటే అదే బడికి వెళ్లాను. నర్సరీ గదికి తాళం ఉంది. పిల్లలు వరండాలో చాప మీద కూర్చున్నారు, వాన జల్లుకు చాప ఒక అంచు తడిసింది. ఒక ముసలమ్మ తన మనవరాలి చెయ్యి పట్టుకుని సరోజన టీచర్ మీద విరుచుకుపడుతోంది.

"గా కాలనీ కాన్వెంటుల రంగురంగుల కుర్చీలున్నయట. మా పోరి ఈడ తడి సాప మీద గూసుంటది. రేపటి సంది ఆడికే తోలుతం, ఏమనుకోకు టీచరమ్మా."

టీచర్ చాపను తడి తగలని వైపుకు లాగింది. ముసలమ్మ వెళ్లాక నేను కిటికీలోంచి లోపలికి చూశాను. కుర్చీలు ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పకుండా వరసగా ఉన్నాయి, పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు.

ఇదేమిటని అడిగాను. ఆమె చెప్పింది మా పద్ధతుల ప్రకారం నూటికి నూరు పాళ్లూ సరైనదే. బడికి వచ్చిన ప్రతి వస్తువూ స్టాకులో హెడ్మాస్టర్ పేరు మీద ఎక్కుతుంది. అది విరిగితే, వాడకంలోనే పాడైందని ఇంజినీరు ధ్రువీకరించాలి. లేకపోతే దాని ఖరీదు ఆమె జీతంలోంచి కోస్తారు. ఆమె వచ్చే మార్చిలో రిటైరవుతోంది.

"ఒక్క కాలు ఇరిగినా నా పెన్షన్ కాయిదాల మీద బాకీ అని రాస్తరు సార్. ఆడిట్లో టేకంటే మాటలా? మీరు సౌక కుర్చీలు ఏసుంటే నాకీ ఫికరే లేకుండె."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఆగస్టు చివర విద్యాశాఖ నుంచి వచ్చి తలలు లెక్కపెడతారు. తగినంత మంది లేకపోతే నర్సరీని ఎత్తేస్తారు. చిన్న తరగతి పోతే ఆపైన ఒకటో తరగతికి పిల్లలు రారు. బడి కింది నుంచి ఎండిపోతుంది. అప్పటికే నలుగురు కాన్వెంటుకు వెళ్లిపోయారు. నేను కలిపిన మూడో వంతు ఆ తలుపుకు తాళమై వేలాడుతోంది.

వారం తిరగకముందే మళ్లీ వెళ్లాను. విరిగితే కాగితం నేను రాసిస్తానని నచ్చజెప్పాను. "అప్పటికి మీరు ఏడుంటరో, నేను ఏడుంటనో" అంది. అందులోనూ తప్పేమీ లేదు. సరే, కనీసం చూపించమన్నాను. తాళం తీసింది.

అప్పుడు నేను ఒక పథకం వేశాను. ఒక కుర్చీ నేనే విరిచి, దాన్ని పద్ధతి ప్రకారం గట్టెక్కించి చూపిస్తే ఆమె భయం పోతుంది. ఎంతో ఆలోచించి, గురి చూసి, ఒక చిట్టి కుర్చీ మీద నా భారమంతా మోపాను. రిటైరయ్యాక మిత్రులందరికీ ఈ కథను ఇట్లాగే చెబుతూ వచ్చాను. అచ్చులో పడుతోంది కాబట్టి సరిచేస్తున్నాను. పథకమూ లేదు, గురీ లేదు. మోకాళ్లు పీకుతుంటే పరధ్యానంగా కూర్చున్నాను, అంతే. వెనక కాలు ఫట్టుమంది. నేను నేల మీద వెల్లకిలా పడ్డాను. వరండాలోని పిల్లలు తలుపు దగ్గర గుమిగూడి పకపకా నవ్వారు.

సరోజన టీచర్ నవ్వలేదు. "అయ్యో సార్, మీకు దెబ్బ తాకిందా?" అని అడగవలసిన చోట, "అయ్యో, కుర్చీ!" అంది.

కింద కూర్చునే రిపోర్టు రాశాను. 'సరఫరా అయిన ఫర్నిచర్‌కు డిప్యూటీ ఇంజినీరు స్వయంగా లోడ్ టెస్టు నిర్వహించారు. ఒక కుర్చీ కాలు అతుకు దగ్గర విఫలమైంది. హెడ్మాస్టర్ బాధ్యత లేదు. వసూలు అవసరం లేదు. మరమ్మతు చేయించవచ్చు.' మర్నాడు ఈఈ ఫోన్ చేశాడు.

"లోడ్ ఎంత పెట్టారు సార్?"

"తొంభై కిలోలు."

"మూడేళ్ల పిల్లల కుర్చీకా? ఇసుక బస్తాలా?"

"కాదు సార్. శాఖాపరమైన బరువు."

 అవతల నవ్వు వినిపించింది. సాయంత్రానికి ఆమోదం వచ్చింది. ఆ కాగితం నకలు తీసుకెళ్లి టీచర్ చేతిలో పెట్టాను. ఆమె రెండుసార్లు చదివింది. వసూలు అవసరం లేదన్న చోట వేలు పెట్టి మూడోసారి చదివింది. ఆ తర్వాత లేచి, కవర్లు తనే చించడం మొదలుపెట్టింది.

ఆగస్టు రెండో వారానికల్లా సన్‌మైకా మీద చాక్‌పీసు గీతలు, అంటిన అన్నం మెతుకులు. రెండు కుర్చీలు మళ్లీ వడ్రంగి దగ్గరికి వెళ్లాయి. వెళ్లిపోయిన పిల్లలంతా తిరిగి వచ్చారని రాయాలని ఉంది. ఇద్దరు వచ్చారు. అందులో ఆ ముసలమ్మ మనవరాలు ఒకతి. "ఇంటికి పోదాం దా అంటె కుర్చీ ఇడుస్తలేదు, మొండి పోరి" అని ముసలమ్మ ఇప్పుడు టీచర్ దగ్గరే ఫిర్యాదు చేసింది. తలలు లెక్కపెట్టిన రోజు సంఖ్య సరిగ్గా అంచు మీద నిలిచింది. తరగతి ఉండిపోయింది. మార్చిలో సరోజన టీచర్ ఏ బాకీ లేకుండా రిటైరయ్యింది.

నేను రిటైరయ్యేలోగా పిల్లల ఫర్నిచర్ ఫైళ్లు ఇంకా చాలా చూశాను. చాలా అంటే, ఆరు. కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది కొలిస్తే సరిపోదని, గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కూడా చూడాలని అప్పుడు తెలిసింది. కుర్చీ విరిగినా తాళంచెవి ఉన్న మనిషి నిబ్బరంగా ఉండగలిగే ధరే ఆ గదికి తగిన ధర. అసలు ధరను దానికి మించనివ్వలేదు, మరమ్మతు ఖర్చును ముందే విడిగా చూపించాను. ఆపైన మూడో వంతు కలిపాను. ఆ కుర్రవాడు బదిలీ అయ్యాడు, ఆ సీట్లోకి ఎర్ర సిరా పెన్నున్న ఈఈ మళ్లీ వచ్చేశాడు.