భోగీలాల్ మెట్లు

అహ్మదాబాద్ పాతబస్తీలో మా పోళ్, అంటే మా వాడ, ఒక ఇరుకు సందు. ఇంటికీ ఇంటికీ ఒకటే గోడ. ఒకరికి పొలమారితే పక్కవాళ్ళు మంచినీళ్ళు తాగుతారు. అక్కడ మూలింటి భోగీలాల్‌కు ముందు చెయ్యి లేస్తుంది, తర్వాత నోరు. ఇల్లు బేరానికొచ్చిన దళారి చెంప వాచిందీ, తమ్ముడు చినుభాయ్ పన్ను రాలిందీ ఆ చేతివల్లే. తెల్లారగానే అదే చేత్తో జొన్నల గిన్నె పట్టుకుని డాబా ఎక్కి, పావురాలకు గుప్పెడు గుప్పెడుగా చల్లుతాడు. పంపకాల్లో కింది వాటా, మెట్లూ అతనివి. పై వాటా, డాబా తమ్ముడివి. తమ్ముడు తన వాటాను పక్కింటి నయనాబెన్‌కు అమ్మేశాడని తెలిసిన పూట భోగీలాల్ గొడ్డలి తీశాడు.

"మెట్లు నావి! అదెలా ఎక్కుతుందో చూస్తా!"

టేకు మెట్లు పెళపెళమని విరిగాయి. "పిచ్చెక్కిందా అన్నా?" అంటూ అడ్డొచ్చిన తమ్ముడి భుజాన్ని గొడ్డలి కామతో మోదాడు. పేడు గుచ్చుకుని తన అరచెయ్యి చీరుకుపోయినా ఆగలేదు. చివరి మెట్టు కూలాక పైనుంచి నవ్వు వినిపించింది. నయనాబెన్ తన డాబా పిట్టగోడ దాటి అప్పటికే అక్కడ నిలబడి ఉంది.

"గాలిపటాల కోసం చిన్నప్పట్నుంచీ ఇలాగేగా దూకేది, భోగీకాకా! నీ మెట్లు నాకెందుకు?"

మర్నాడు పొద్దున భోగీలాల్ కట్టు కట్టిన చేత్తో గిన్నె పట్టుకుని, మెట్లుండిన చోట తలెత్తి నిలబడ్డాడు. పైన పావురాలు గోలపెడుతున్నాయి. తాడు కట్టిన బుట్ట ఒకటి మెల్లగా దిగింది.

"గింజలు ఇందులో పొయ్యి, కాకా."

భోగీలాల్ దాన్ని ఎగిరి తన్నాడు. బుట్ట గోడకు కొట్టుకుని, ఊగి ఊగి, మళ్ళీ అతని ముందుకే వచ్చి ఆగింది.