తుప్పు రంగు రాయి

ఎనభైల్లో బయ్యారం దగ్గర సైన్స్ టీచర్ని. మానుకోట సైన్స్ ఫెయిర్‌కు ఎనిమిదో తరగతి తండా పిల్లను తీసుకెళ్లాను. వాళ్ల చేలోని ఎర్రరాళ్లు, పాడైన రేడియో స్పీకరులోని అయస్కాంతం ఆమె ప్రదర్శన. ఆమెకు ఇంట్లో లంబాడీ, బడిలో మా ఊళ్ల తెలుగు. జడ్జీలు నవ్వుతారని భయపడి, వారం రోజులు పుస్తకం తెలుగు బట్టీ పట్టించాను. "గిట్ల, గట్ల అనకు" అని ఎన్నిసార్లు కసిరానో.

ఆ రోజు హాల్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. జడ్జి వచ్చాడు. పిల్ల గడగడా అప్పజెప్తుంటే ఆపి, "ఈ రాయి ఎర్రగా ఎందుకుందమ్మా?" అన్నాడు. అది నేను బట్టీ పట్టించలేదు. ఆమె నా వైపు చూసింది. ఆయన పక్క బల్లకు వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులో ఒక ముసలమ్మ, సంచిలో రాళ్లెందుకని పిల్లనడిగింది.

"గిండ్ల ఇనుము ఉంటది అవ్వా. వానకు తడిస్తే గొడ్డలి తుప్పు పట్టి ఎర్రగైతది సూడు, గట్లనే గీ రాయి ఎర్రగున్నది."

పొద్దున మమ్మల్ని ఫెయిర్‌కు తీసుకెళ్లిన కండక్టరే, ఇది విని నా వైపు తిరిగాడు.

"ఏం సారూ, పిల్లకు ఫస్టు వచ్చిందా?"