మందు కొట్టని చాళ్లు

పొలంలో అడుగుపెడితే ఆ రైతు చేతులు ఊరుకోవు. వంగి ఆకు తిరగేసి చూస్తాడు, పురుగు కనిపిస్తే గోటితో గిల్లేస్తాడు. తన చేను పదిమందికీ చూపించాలన్నది ఆయన ఏళ్లనాటి కోరిక. ఈసారి చుట్టుపక్కల రైతులకు పంట చూపించే క్షేత్ర దినోత్సవం అక్కడే పెట్టారు. కొత్త మందు గుణం తెలియాలంటే నాలుగు చాళ్లు మందు కొట్టకుండా వదిలేయాలని వ్యవసాయాధికారి ముందే చెప్పాడు. తీరా రైతులంతా వచ్చి చూస్తే చేనంతా ఒకేలా పచ్చగా ఉంది.

“తేడా ఏది పెద్దాయనా?” అధికారి ముఖం మాడిపోయింది.

“పురుగు తొలిచేస్తుంటే చూడలేకపోయాను సార్. ఆ చాళ్లకీ మందు కొట్టేశాను.”

“మామకి మొక్కలన్నీ కడుపున పుట్టినవే!” అన్నారెవరో. నవ్వబోయినవాళ్లు రైతు ముఖం చూసి ఆగిపోయారు.

“వచ్చే ఏడు కూడా మీ చేనే తీసుకుంటాం. కానీ ఆ చాళ్లు ముట్టుకోకూడదు. సరేనా?” అన్నాడు అధికారి.

రైతు వంగి పక్కనున్న మొక్క ఆకు తిరగేసి చూశాడు.

“వేరేవాళ్ల చేను చూసుకోండి సార్,” అన్నాడు.