రెండు బట్టల కొట్లు, ఒకే గొంతు

రాజాంలో బట్టల కొట్ల వీధిలో ఇప్పటికీ ఒక మాట తిరుగుతూ ఉంటుంది. ఏఐ అనేది ఎక్కడి నుంచో వచ్చి మా బావ గొంతు ఎత్తుకుపోయిందని. ఆ మాట మొదట పుట్టించింది నేనే. అందుకే దాన్ని సరిదిద్దే పని కూడా నా మీదే పడింది. ఏఐకి మా బావ ఎవరో తెలియదు. రాజాం సంగతే దానికి సరిగా తెలియదు; ఒకసారి అడిగితే మా ఊళ్ళో సాయంత్రం పూట సముద్రపుటొడ్డున నడవడం బాగుంటుందని చెప్పింది. మా ఊరికి సముద్రం లేదు.

బావ అంటే మా అక్క భర్త. ఆయన వృత్తి మైకు ప్రచారం. ఆటో మీద రెండు లౌడ్‌స్పీకర్లు కట్టుకుని, డ్రైవరు పక్కన కూర్చుని వీధి వీధీ తిరుగుతాడు. ఇంట్లో "ఒసే, కూడెట్టు" అని కేకేసే మనిషి మైకు చేతికి రాగానే "రాజాం పట్టణ ప్రజలకు, పరిసర గ్రామాల రైతు సోదరులకు విజ్ఞప్తి" అంటూ వేరే మనిషి అయిపోతాడు. కంటి శిబిరాలు, కరెంటు కోతలు, తప్పిపోయిన మేకలు, చీరల మీద తగ్గింపులు అన్నీ ఆయన నోటి మీదుగానే ఊరికి తెలిసేవి. చావు కబురైతే డబ్బు తీసుకోడు. గరివిడి వైపు నుంచి కూడా మనుషులు వెతుక్కుంటూ వచ్చేవారు.

ఆయనకు ఒక నియమం ఉంది. ఒక్కో వ్యాపారంలో ఒక్క కొట్టుకే చెప్తాడు. బట్టలకు ఒకటి, బంగారానికి ఒకటి, చెప్పులకు ఒకటి. రెండో వాళ్ళు ఎంత ఇస్తామన్నా వెళ్ళడు.

"నిన్న ఈ కొట్టు మంచిదన్న నోటితోటే ఇయాల ఆ కొట్టు మంచిదంటే, రేపు మేక తప్పిపోనాదన్నా జనం నమ్మరురా" అనేవాడు.

ఆ నియమానికి గుర్తుగా బట్టల కొట్టు యజమాని ఏటా దసరాకు ముందు ఆయనకు ఒక చొక్కా గుడ్డ పంపేవాడు. బావ దాన్ని కుట్టించుకుని ఆ సీజనంతా అదే వేసుకుని ఆటో ఎక్కేవాడు. చొక్కా చూస్తే చాలు, ఎవరి మనిషో ఊరికి తెలిసిపోయేది.

ఆదివారాలు మాత్రం తెల్ల చొక్కా. మాది మిషను వాళ్ళ కాలం నుంచీ ఉన్న బాప్టిస్టు చర్చి. అక్కడ వాక్యం చదివేది బావే. ఆయన కీర్తన చదువుతుంటే పిల్లలు కూడా చెప్పులు వెతుక్కోవడం మానేసి వినేవారు.

ఇక నా సంగతి. బస్టాండు దగ్గర నాకొక నెట్ సెంటరు ఉంది. ఒకప్పుడు పరీక్షా ఫలితాలు వచ్చిన రోజున నా కొట్టు ముందు జాతరలా ఉండేది. ఫోన్లు వచ్చాక ఆ జాతర ఎవరి జేబులోకి వాళ్ళకు వెళ్ళిపోయింది. ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని నేను వీడియోలు చూడడం మొదలుపెట్టాను. ఇంట్లో కూర్చునే ఏఐతో ఎలా సంపాదించవచ్చో చెప్పే వీడియోలు. వాటిలో ఒక గురువుగారికి ఫీజు కట్టి చేరాను కూడా. ఆయన సంపాదన మాలాంటి వాళ్ళకు సంపాదన ఎలాగో నేర్పడమేనని ఆఖరి పాఠంలో గాని అర్థం కాలేదు.

ముందు పిల్లల కథల ఛానెల్ పెట్టాను. కథ ఏఐది, బొమ్మలు ఏఐవి. సింహానికి ఒక్కో బొమ్మలో ఒక్కో లెక్కన కాళ్ళు వచ్చేవి. చూసింది నేనూ మా ఆవిడా. ఆవిడ నా మీద జాలితో పక్కింటి వాళ్ళ ఫోనులో కూడా ఒకసారి పెట్టింది. తర్వాత మన ప్రాంతపు వంటల పుస్తకం ఒకటి రాయించి అమ్మకానికి పెట్టాను. మా ఆవిడ అందులో ఉలవచారు పేజీ చదివి, "ఇది తిన్నోళ్ళు బతికితే నాకొకసారి సెప్పు" అని ఫోను నా ఒళ్ళో పడేసింది.

అప్పుడు దొరికింది గొంతుల యాప్. మన గొంతు కాసేపు రికార్డు చేసి ఇస్తే, ఆ తర్వాత ఏ మాటలు టైపు చేసినా అదే గొంతుతో చదివి పెడుతుంది. కొట్ల వాళ్ళకు ప్రచారపు ఆడియో చేసి వాట్సాప్‌లో పంపితే డబ్బు ఫోనులోనే వచ్చి పడుతుంది. మొదట నా గొంతే ఇచ్చాను. యంత్రంలో పడి బయటికొచ్చాక కూడా అది నా గొంతులాగే ఉంది. ఒక ఫర్నిచరు కొట్టాయన విని, "కరెంటు బిల్లు సదువుతున్నట్టున్నాది గురూ, ఇంకెవులూ నేరా?" అని అడిగాడు.

ఉన్నాడు. మా అక్క మొగుడు.

ఇక్కడి నుంచి నేను చేసిందంతా నేను చేసిందే. బావ దగ్గరికి వెళ్ళి, "చర్చి వార్షికోత్సవానికి నీ గొంతుతో కీర్తనలు రికార్డు చేసి ఉంచుదాం బావా, పిల్లలకు గుర్తుంటాయి" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. రికార్డింగు రోజున గడ్డం గీసుకుని తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు, ఫోటో తీస్తున్నట్టు. ప్రతిధ్వని రాకుండా నా కొట్టు వెనక గదిలో గోడలకు బొంతలు కట్టాను. ఉక్కలో చెమటలు కారుతున్నా కూర్చుని, ఒక్కొక్క కీర్తనా చదివాడు. మధ్యలో నీళ్ళు అడిగాడు, అంతే. ఆ గొంతునే యాప్‌కు అప్పగించాను.

మొదట్లో దూరపు ఊళ్ళకే అమ్మాను. నెల్లూరు వైపు మంచినీళ్ళ ప్లాంటుకు, గుంటూరు వైపు కోచింగు సెంటరుకు. విశాఖపట్నం దాటి ఎన్నడూ వెళ్ళని మా బావ గొంతు అక్కడి వీధుల్లో తిరుగుతోందంటే నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది. ఆయన్ని ఎరగని ఊళ్ళో ఆయనకు వచ్చే నష్టమేమిటి అని నాకు నేనే చెప్పుకున్నాను. అలా చెప్పుకోవలసి వచ్చిందంటేనే అది తప్పని తెలుస్తోంది కదా.

తర్వాత రాజాం నుంచే ఒక మెసేజి వచ్చింది. బావ చెప్పే బట్టల కొట్టుకు సరిగ్గా ఎదురుగా కొత్తగా తెరిచిన కొట్టు వాళ్ళది. వాళ్ళు అంతకుముందే బావను అడిగి లేదనిపించుకున్నారు. నా ఆడియో ఎక్కడో విన్నారు. అదే గొంతు కావాలన్నారు. బావ నియమం నాకు తెలుసు. ఆ చొక్కా గుడ్డల సంగతీ తెలుసు. నేను చాలాసేపు ఆలోచించాను. వాళ్ళు రెండోసారి మెసేజి పెట్టేదాకా.

ఆ ఆటో వీధిలోకి వచ్చిన ఉదయం నేనూ బావా మార్కెట్ దగ్గర టీ కొట్టులో పక్కపక్కనే ఉన్నాం. అది ఆ రోజే తిరుగుతుందని నాకు తెలియదు. ముందు గొంతు వినపడింది, తర్వాత ఆటో కనపడింది. లోపల డ్రైవరు ఒక్కడే ఉన్నాడు.

కీర్తనలు తిని పెరిగిన గొంతు కదా, యంత్రం ఆ గాంభీర్యాన్ని వదల్లేదు. "రండి. కంచి పట్టుచీరలు సగం ధరకే. ఒక చీర కొన్నవారికి జాకెట్టు గుడ్డ ఉచితముగా ఇవ్వబడును" అని అది పలుకుతుంటే మోక్షానికి పిలుస్తున్నట్టే ఉంది. టీ కొట్టు పక్కన కూరల బుట్ట దించుకుంటున్న ఒక ముసలమ్మ ప్రార్థన అనుకుని కొంగు నెత్తి మీద కప్పుకుంది.

టీ కొట్టాయన బావ వైపు చూశాడు, ఆటో వైపు చూశాడు. "మావా, నువ్వు ఇక్కడ టీ తాగతన్నావు. అక్కడ అరస్తన్నదెవులు?"

బెంచీ మీది ధాన్యం కమీషను ఏజెంటు నవ్వాడు. "రికార్డింగు ఇచ్చీసినాడ్రా. ఇంక కాలు మీద కాలేసుకుని సంపాదనే. పాత కొట్టుకి పొగ, కొత్త కొట్టుకి పొగడ్త."

బావ ఆటో మలుపు తిరిగేదాకా తల వంచుకుని విన్నాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి నా వైపు చూశాడు.

"బాగా సదివినాడు" అన్నాడు.

అంతే. ఆయనకు అర్థం కాలేదనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఆ దసరాకు చొక్కా గుడ్డ రాలేదు. పాత కొట్టు యజమాని గొడవ పడలేదు, కబురు కూడా పెట్టలేదు; ఊరుకున్నాడు. బంగారం కొట్టు వాళ్ళూ తర్వాత చెప్తామన్నారు. బావ కిందటేటి చొక్కా వేసుకుని కంటి శిబిరాలకు తిరిగాడు. అన్నిటికంటే నన్ను తిననివ్వనిది ఆదివారం సంగతి. వాక్యం చదవడానికి లెమ్మని పాస్టరు గారు సైగ చేస్తే బావ లేవలేదు. తర్వాత ఆయనతో అన్నాడట, "నా మాటంటే ఊరికి నమ్మకం పోయినాది అయ్యగారూ. ఈ నోటితో ఆ పుస్తకం సదవకూడదు" అని. బావ బదులు ఒక కుర్ర మాస్టారు లేచాడు. బస్సు తప్పిపోతుందన్నట్టు చదివి కూర్చున్నాడు.

నిజం చెప్పేయడానికి అదే సమయం. నేను మాత్రం పాత కొట్టు యజమాని దగ్గరికి వెళ్ళి, "మా బావ తప్పేం లేదు బాబూ. ఇదంతా ఏఐ. ఎక్కడెక్కడి గొంతులో అదే ఎత్తుకుపోతోంది" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అవున్రా, పెద్ద పెద్దోళ్ళ గొంతులే ఎత్తీస్తన్నాదట. ఇంక మీ బావెంత" అన్నాడు. అంత తేలిగ్గా నమ్ముతాడని నేను అనుకోలేదు. ఏఐ ఏం చేసిందన్నా మా ఊళ్ళో నమ్ముతారు, మంచి పని తప్ప. సాయంత్రానికి చొక్కా గుడ్డ వచ్చింది, లేత నీలం గళ్ళది. కొత్త కొట్టు వాళ్ళ దగ్గర ఆడియో ఆపించేశాను. అంతా సర్దుకుందనుకున్నాను.

బావ మళ్ళీ ఆటో ఎక్కాడు. చర్చిలో మాత్రం లేవలేదు.

"ఇంట్లో కూడా సదవడం నేదురా" అంది అక్క. "పెర్ధన కాడ నన్ను సదవమంటన్నాడు. నాకేటో అద్దాలెట్టుకున్నా అచ్చరాలు ఆనవు. నాను తప్పులు సదివితే దేవుడికి నవ్వొస్తాది."

ఒక మధ్యాహ్నం బావ ఆటో స్పీకర్లు తుడుచుకుంటుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను. "అంతా తేలిపోయింది కదా బావా. ఆదివారం ఎందుకు చదవవు?"

ఆయన గుడ్డ పిండి ఆరవేశాడు. "నాకు రెండు గొంతులున్నాయిరా. ఒకటి ఆటోది, ఒకటి సర్చిది. ఆటో గొంతు ఊరందరిదీ. ఆ రోజు టీ కొట్టు కాడ ఇన్నది ఆటో గొంతు కాదు. ఆ సర్చి గొంతు రికార్డింగు నాను ఒక్కడికే ఇచ్చినాను, బొంతలు కట్టిన గదిలో. వాడే తెచ్చి ఇస్తాడని సూస్తన్నాను."

ఆయన ఆరవేసిన గుడ్డనే తీసి నేను మళ్ళీ పిండాను. "అప్పుడే ఎందుకు అడగలేదు?"

"నువ్వు సెప్పాలి గానీ నానడగడమేటి. అడిగితే ఏఐ అంటావు." స్పీకరు తీగ సరిచేస్తూ, "నన్నడిగుంటే ఇచ్చీవోణ్ణిరా" అన్నాడు. "బట్టల కొట్టుకి కాదు గానీ, మేకలకీ కరెంటు కోతలకీ ఇచ్చీవోణ్ణి. నాకూ గొంతు అరిగిపోతన్నాది."

ఏం చెయ్యాలి బావా అని అడిగాను. ఆయన స్పీకరు మీద తట్టాడు. గొంతు ఎక్కడ పోయిందో అక్కడే దొరకాలన్నాడు.

మైకులో ఊరికి చెప్పవలసిన ఆ క్షమాపణ రాయడానికి కూడా నేను ఏఐనే అడిగానని ఒప్పుకోక తప్పదు. "కలిగిన అసౌకర్యానికి తీవ్రంగా చింతిస్తున్నాము" అని రాసిచ్చింది. బావ చదివి, "ఇది బేంకోడు రాసినట్టున్నాది. నీ సేత్తో నువ్వు రాయి" అని కాగితం వెనక్కి తిప్పి ఇచ్చాడు.

మర్నాడు ఆటోలో మైకు నా చేతిలో, లేత నీలం గళ్ళ చొక్కాలో బావ నా పక్కన. "మొన్న కొత్త కొట్టుకు వినిపించిన గొంతు మా బావ ఇచ్చినది కాదు, ఆయనకు చెప్పకుండా నేను చేసినది" అని రాసుకున్నదాన్ని చదువుతూ వెళ్ళాను. "నోట్లో ఎట్టుకోకురా, మైకది, మావిడికాయ కాదు" అని బావ గొణుగుతూనే ఉన్నాడు. టీ కొట్టాయన బయటికొచ్చి, "మావా, ఈ గొంతెవులిది, బిల్లు సదువుతున్నట్టున్నాది?" అన్నాడు. "మా బామ్మర్దిది" అన్నాడు బావ. "ఇది నిజమైనదే."

పాత కొట్టు ముందు యజమాని మెట్లు దిగి ఆటో ఆపించాడు. "మరి నాకు ఏఐ అని సెప్పినావు?"

"అదీ నేనే చెప్పానండీ" అన్నాను. మైకు కట్టేయలేదని గుర్తులేదు. ఆ వాక్యం ఒక్కటే వీధంతా స్పష్టంగా వినపడిందట.

అయినా ఊరికి ఏఐ కథే నచ్చింది. బావమరిది మోసం చేయడం ప్రతి ఇంట్లో ఉండేదే, యంత్రం మోసం చేయడంలో కొత్తదనం ఉంది. అదీకాక ఆటోలో కీర్తనల సంగతి నేను చెప్పలేదు, నోరు రాలేదు. అది ఇక్కడ చెప్పాను. యాప్‌లోంచి ఆ గొంతు తీసేశాను, దాన్ని కొన్న ఊళ్ళన్నిటికీ ఆపమని రాశాను. మేకలకూ కరెంటు కోతలకూ ఇస్తానన్నాడు కదా, ఆ మాట బావను మళ్ళీ అడగడానికి ఇంకా ధైర్యం చాలడం లేదు. ప్రస్తుతం జిరాక్సులు తీస్తున్నాను.

ఆ ఆదివారం పాస్టరు గారు సైగ చెయ్యకముందే బావ లేచాడు. తెల్ల చొక్కా. పుస్తకం తెరిచాడు, పేజీ సరిచేసుకున్నాడు, చదవలేదు. అద్దాల పైనుంచి మగవాళ్ళ వరుసల వైపు చూస్తూ నిలబడ్డాడు. అందరూ ఆయన చూపు వెంట తిరిగి నా దగ్గర ఆగారు.

"ముందు మా బామ్మర్ది ఫోను కట్టేయాలి" అన్నాడు.

చర్చి అంతా నవ్వింది, పాస్టరు గారితో సహా. నేను జేబులోంచి ఫోను తీసి, అందరికీ కనపడేలా పైకెత్తి, కట్టేశాను. అప్పుడు చదివాడు.