చీపురు పంతులికి ఒక విస్తరాకు

మొన్న కొరియర్ అబ్బాయి ఇచ్చిపోయిన అట్టపెట్టె విప్పితే, లోపలి బొమ్మకంటే ముందు కొత్త ప్లాస్టిక్ వాసన బయటికొచ్చింది. జానెడు బొమ్మ. సన్నటి మనిషి, నెత్తిమీద ముడి, వేళ్ళ దాకా జారిన వదులు చేతుల అంగీ, భుజం మీద ఈతచీపురు, నోరంతా తెరిచి ఆవులింత. చిన్నప్పుడు నేను ప్రాణం పెట్టి చూసిన ఒక జపాన్ బొమ్మల సీరియల్లో, ఇప్పటి పిల్లలు అనిమే అంటారే, దాంట్లో దయ్యాలను చీపురుతో కొట్టే గురువు ఆయన. ఎన్నాళ్ళో అనుకుని తెప్పించుకున్నాను కదా, చూడగానే సంతోషం వేస్తుందేమోనని కాసేపు ఎదురుగా కూర్చున్నాను. వేయలేదు. బాధా వేయలేదు. ఒంటిమిట్ట తిరనాళ్ళలో మా నాయన కొనిచ్చిన ఆకుపచ్చ ప్లాస్టిక్ కత్తికి కూడా సరిగ్గా ఇదే వాసన ఉండేదని మాత్రం గుర్తొచ్చింది. బొమ్మను టీవీ పక్కన నిలబెట్టి పోయి చెయ్యి కడుక్కున్నాను.

ఇప్పుడు గోడకు పలకలాంటి టీవీ ఉన్నచోటే అప్పుడు పెట్టెలాంటి పాత టీవీ ఉండేది, నాయన ఎవరి దగ్గరో కొని తను నడిపే లారీలోనే తెచ్చాడు. కడపలో ఎండాకాలం ఎట్లుంటుందో ఉన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు, లేనివాళ్ళకు చెప్పినా తెలియదు. పొద్దంతా తలుపులు మూసుకుని పడుకుని, ఎండ తగ్గాక అమ్మ బండలమీద నీళ్ళు చల్లితే నేలలోంచి ఆవిరి కొట్టేది, ఆ తడి వాసనలో అందరికీ మళ్ళీ ప్రాణం లేచొచ్చేది. అప్పుడు బొరుగుల్లో ఉల్లిగడ్డా ఉప్పూకారమూ కలిపి తలా ఒక గిన్నె. గడపకు ఆనుకుని మా జేజి, అంటే నాయన తల్లి, ఒక కాలు చాపుకుని కూర్చునేది. పక్కింటి మస్తాన్‌బీ అత్త చీరలకు ఫాల్సు కుట్టే పని ఒళ్ళో పెట్టుకుని మా గుమ్మంలోకే వచ్చేది, ఎందుకంటే వాళ్ళింట్లో ఫ్యానూ లేదు, టీవీ లేదు. సరిగ్గా అప్పుడే మన సీరియల్ మొదలయ్యేది, మధ్యలో కరెంటు పోకపోతే.

సీరియల్ హిందీలో మాట్లాడేది. మా ఇంట్లో హిందీ వచ్చింది నాకు ఒక్కదానికే, అదీ బడి చలవ కాదు, సగం బాల్యం మస్తాన్‌బీ అత్త ఇంట్లో ఉర్దూ వింటూ గడిపిన చలవ. జేజికి తెలుగు తప్ప ఇంకోటి రాదు, చూపూ లేదు. నాకు ఊహ తెలిసేసరికే ఆమెకు వెలుతురూ చీకటీ తప్ప ఏమీ కనిపించేవి కావు. అయినా టీవీ ముందునుంచి లేచేది కాదు. వాడేమంటాండాడు, వీడేం చేస్తాండాడు అని అడుగుతూనే ఉండేది. అట్లా ఆమెకు కథ చెప్పే పని నాకు పడింది. తెర మీద కళ్ళు, నోట్లో బొరుగులు, వాటి సందులోంచి మా మాటల్లో కథ. హీరో పిల్లవాడి అరచేతిలో ఒక నిప్పుదయ్యం ఉంటుంది, వాడికి కోపమొస్తే అది లేస్తుంది. వాడికి బుద్ధి నేర్పేవాడు ఈ గురువు. ఆయన పేరు పలకడానికి జేజికి నోరు తిరగక చీపురు పంతులు అని పెట్టింది. దయ్యం పట్టినవాళ్ళను చీపురుతో కొట్టడం చూపున్న రోజుల్లో ఆమె తన ఊళ్ళో కళ్ళారా చూసిన సంగతి, అందుకని అంత దూరదేశం పంతులు కూడా మొదటిరోజే ఆమెకు మన మనిషి అయిపోయాడు.

ఈ రకం సీరియళ్ళు చూసినవాళ్ళకు వాటి తీరు తెలుసు. ఒక దెబ్బ కొట్టడానికి చెయ్యి ఎత్తితే, అది దిగేలోపల వాడి చిన్నతనమంతా చూపిస్తారు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితే గాలి వీస్తుంది, ఆకులు రాలతాయి, వెంట్రుకలు ఎగురుతాయి, ఎవరూ కదలరు, ఆ రోజుకు అయిపోతుంది. కొట్లాడేటప్పుడు ఇన్ని మాటలెందుకు, కొట్టేదేదో కొట్టేసి ఇండ్లకు పోగూడదా అని జేజి రోజూ విసుక్కునేది, రోజూ వినేది. దుర్మార్గుడికి కూడా ఒక ఏడుపుకథ ఉంటుంది, వాడికి తల్లి లేదనో ఊరు తగలబడిందనో నేను చెప్పగానే ఆమె పార్టీ మార్చేసేది, పాపం ఆ పిల్లోనికి గంజి పోసే దిక్కు లేకపాయెనే అని. మస్తాన్‌బీ అత్త సూదిలోకి దారం ఎక్కిస్తూ, అవి దయ్యాలు కావు జిన్నులని, వాటిలో మంచివీ ఉంటాయని సర్దిచెప్పేది. పంతులు పెద్ద గిన్నెలో దారాల్లాంటివేవో జుర్రుకుంటుంటే ఏందది అని జేజి అడిగింది. నూడుల్స్ అంటే ఆమెకేం తెలుస్తుంది, ఒత్తు శావిగలు అన్నాను. బియ్యప్పిండి ముద్దలు ఉడకబెట్టి కొయ్యపీటలో ఒత్తే మన శావిగలే ఆయనా తింటాడనేసరికి ఆమెకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

నాయన ఇంట్లో ఉండే రోజులు తక్కువ. నాపబండల లోడు ఎత్తుకుని యాడెక్కడికో పోయేవాడు, వచ్చిన రోజు స్నానం చేసి, సంగటీ పొట్టేలు కూరా తిని, టీవీ ముందు చాప మీద ఒరిగి అయిదు నిమిషాల్లో గురకపెట్టేవాడు. ఆయన ఒంట్లోంచి డీజిలూ బీడీ కలిసిన వాసన వచ్చేది. ఒకసారి మాత్రం మెలకువగా ఉండి, పంతులు ఆవులించడం చూసి, వీడెవడో నా మాదిరే ఉండాడే అని నవ్వాడు. అప్పటినుంచీ పంతులు ఆవులించినప్పుడల్లా నేను నాయన వైపు చూసేదాన్ని, నాయన లేనప్పుడు చాప వైపు.

ఆ ఎండాకాలం చివర్లో నాయన లారీ బోల్తాపడింది. మైదుకూరు నుంచి, బద్వేలు నుంచి చుట్టాలు దిగారు, వాకిలి నిండా ఆడవాళ్ళు, ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడుపులు. నేను ఏడవలేదు. పాపకు ఇంకా తెలియరాలేదని ఒకామె, తెలిసే వయసు కాదని ఇంకొకామె అనుకున్నారు. నాకు తెలుసు. శుభ్రంగా తెలుసు. ఏడుపు రాలేదంతే, ఎంత సేపు కూర్చున్నా రాలేదు. జేజి కూడా ఏడవలేదు. గడపకు ఆనుకుని అట్లాగే కాలు చాపుకుని, వచ్చిన ప్రతి మనిషి అడుగుల చప్పుడు వైపూ తల తిప్పుతూ కూర్చుంది. దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్ళాక, ఒక సాయంత్రం బండలమీద నీళ్ళు చల్లిన వాసన రాగానే, టీవీ పెట్టు పాపా, ఆ పంతులు సంగతి ఏమాయెనో చూద్దామంది. అమ్మ వంటింట్లోంచి చూసి ఊరుకుంది. మస్తాన్‌బీ అత్త తన పని తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంది.

పంతులు అప్పుడు ఒక పెద్ద యుద్ధంలో ఉన్నాడు. శిష్యులను గుహలో దాచి, బయట ఒక్కడే నిలబడి దయ్యాల గుంపును ఆపుతున్నాడు. నాలుగైదు రోజులు సాగదీశారు. నేను దెబ్బదెబ్బకూ చెప్తూ వచ్చాను. ఆఖరి రోజు చీపురు విరిగింది. ఆయన కూర్చున్నాడు, తల వాలింది, హీరో పిల్లవాడు వచ్చి ఒళ్ళోకి తీసుకున్నాడు, పాట మొదలైంది. ఆ పిల్లవాడు ఉస్తాద్ ఉస్తాద్ అని అరుస్తున్నాడు. నా నోరు ఆగిపోయింది.

"ఏమాయెనే?" అంది జేజి.

"గెలిచినాడు జేజీ. అలిసిపోయి పండుకున్నాడు."

మస్తాన్‌బీ అత్త చేతిలో సూది ఆగింది. నా వైపు చూసి, మళ్ళీ కుట్టుకోసాగింది. మరి వాడెందుకు అంత గట్టిగా అరుస్తాండాడని జేజి అడగలేదు. సరేలే, పండుకోనీ అంది.

మరుసటి రోజు నుంచి నా పని కష్టమైంది. తెర మీద శిష్యులు రాళ్ళు పేర్చి సమాధి కడుతుంటే, పంతులికి కొత్తగుడి కడుతున్నారని చెప్పాను. తెల్లబట్టలు కట్టుకుంటే పండగన్నాను. పంతులేడీ అంటే కొండమీదికి పోయినాడని, ఇంకో నాలుగు రోజులకు అక్కడ శావిగలు తింటున్నాడని, పిల్లలకు కబురు పంపాడని కల్పించాను. అయితే ఇట్లాంటి సీరియళ్ళలో ఒక సౌకర్యం ఉంది, చచ్చిపోయినవాళ్ళు జ్ఞాపకాల్లో కనిపిస్తూనే ఉంటారు. హీరో కిందపడినప్పుడల్లా పంతులు గొంతు వినిపించేది, అదో వచ్చినాడు చూడు అని జేజి మొహం వెలిగేది, నేనూ అవును జేజీ వచ్చినాడు అనేదాన్ని. ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. వీటిలో ఎవరూ పూర్తిగా చావరు, కథ ముదిరినప్పుడు దుమ్ములోంచి నడుచుకుంటూ తిరిగొస్తారు. పంతులు కూడా వస్తాడు, రాకపోవడానికి లేదు, ఆయన వచ్చిన రోజు నేను చెప్పిందేదీ అబద్ధం కాదు, ఇంట్లో ఎవరూ చచ్చిపోలేదు. ఇంట్లో అని ఎందుకనుకున్నానో నన్నడగొద్దు. కరెంటు పోయిన రోజుల్లో కూడా నేను ఆ నల్ల తెర ముందునుంచి లేచేదాన్ని కాదు.

వానాకాలం వచ్చింది, అంటే మేఘాలు వచ్చి పోయాయి. వినాయక చవితి వెళ్ళింది. ఒకరోజు సీరియల్ అయిపోయింది. దయ్యాల రాజును చంపి, హీరో కొండెక్కి, సమాధి దగ్గర కొత్త చీపురు పెట్టి దండం పెట్టాడు. దుమ్ములోంచి ఎవరూ రాలేదు. పాట అయిపోయింది, సబ్బు ప్రకటన వచ్చింది. ఏమాయెనో జేజి ఆరోజు అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ తర్వాత పెద్దల అమావాస్య వచ్చింది. ఇంట్లో పోయినవాళ్ళకు వాళ్ళు ఇష్టపడేవన్నీ వండి, ఆకులేసి, సాంబ్రాణి పొగ వేసి, ఒక్కొక్కరినీ వరస పెట్టి పిలిచి తినమంటాం. మొదటి ఏడు కదా, నాయనకు సంగటి, పొట్టేలు కూర, ఒక బీడీకట్ట. కానీ జేజి పొద్దున్నే అటకమీది శావిగల పీట దింపించింది. అమ్మ పిండి ఉడికిస్తే, మస్తాన్‌బీ అత్త వచ్చి బలమంతా వేసి ఒత్తింది, ఇల్లంతా వేడి బియ్యప్పిండి వాసన. శావిగల మీద బెల్లంపాకం, నువ్వులపొడి. జేజి చేత్తో తడుముకుంటూ తాతకొక ఆకు, నాయనకొక ఆకు వేసి, పక్కన ఇంకోటి వేసి అందులో శావిగలు పెట్టించింది. అదెవరికని అడిగాను.

"మీ పంతులుకు," అంది.

నేను మస్తాన్‌బీ అత్త వైపు చూశాను. ఆమె పొయ్యి వైపు తిరిగింది.

"మస్తాన్‌బీ ఆపొద్దే చెప్పింది నాకు," అంది జేజి. "నువ్వు చెప్తాంటే వినబుద్ధి ఆయె పాపా. ఆ పంతులు యాడనో ఉండాడులే అనుకుంటే, మీ నాయన గూడా యాడనో లోడు దించుతాండాడులే అనిపిస్తాండె. ఇంగ చాలు. ఇద్దరికీ శానా ఆకలైతాంటాది. పిలువు."

పంతుల్ని పిలిచాను, ఆ మాట సులువుగానే వచ్చింది. నాయనను పిలవమంది. నోరు తెరిచాను. రాలేదు. జేజి నా వీపు మీద చెయ్యి వేసి కాచుకుంది, సాంబ్రాణి ఆరిపోవస్తోందని అమ్మ మెల్లగా అంది. చివరికి జేజే పిలిచింది, కొడుకును పేరుపెట్టి, రా నాయనా తిందువు రా అని, అప్పుడు ఏడ్చింది, ఆ వేసవి నుంచి దాచిపెట్టుకున్నదంతా. నేను ఆమె పక్కన కూర్చుని ఆకుల మీది ఈగలు తోలాను. అప్పటినుంచి ఏటా మూడో ఆకు వేస్తూనే ఉన్నాం, ఏటా నాయనను జేజే పిలిచేది, నన్ను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు ఆ సీరియల్ మొదటినుంచీ ఫోన్లో దొరుకుతుంది, కావలసినప్పుడు ఆపుకోవచ్చు, కరెంటు పోయినా ఆగదు, తెలుగులో కూడా మాట్లాడుతుంది. చెప్పే పని లేదు. పంతులు చచ్చిపోయే భాగం ఈ మధ్య మళ్ళీ చూశాను, మీరు ఏడుస్తారని కింద వందలమంది రాసి ఉన్నారు, నేను టీ తాగుతూ చూశాను. బండల మీద టైల్స్ వేయించాం, నీళ్ళు చల్లితే జారతాయి తప్ప వాసన రాదు. మస్తాన్‌బీ అత్త కూతురి దగ్గరికి కర్నూలు వెళ్ళిపోయింది. శావిగల పీట పగిలింది. జేజి ఈ వేసవిలో పోయింది. అందరూ ఏడ్చారు, నేను వచ్చినవాళ్ళకు నీళ్ళు అందించాను.

నిన్న పెద్దల అమావాస్య. అంగట్లో ప్యాకెట్ శావిగలు తెచ్చి వేడినీళ్ళలో వేశాను. నాలుగు ఆకులు. అమ్మ సంగటి వడ్డించి కూర కోసం వంటింట్లోకి వెళ్ళింది. తాతను పిలిచాను, జేజిని పిలిచాను, పంతుల్ని పిలిచాను. ఇక ఒక ఆకు మిగిలింది, పిలిచే మనిషి లేదు. కూర్చుని చూస్తున్నాను, సంగటి మీద ఆవిరి తగ్గిపోతోంది, ఆకలితో ఉంటాడన్న జేజి మాట ఒక్కటే బుర్రలో తిరుగుతోంది.

"నాయనా," అన్నాను. "రా నాయనా. తిందువు రా."

అమ్మ కూరగిన్నెతో వంటింటి గడపలో ఆగిపోయింది. నా మొహం తడిసిందని ఆమె చూపును బట్టి తెలిసింది. కూర చల్లారకముందే నాయన ఆకులో వడ్డించమని ఆమెకు చెప్పి, ఇంకోసారి పిలిచాను.